అద్దాలెత్తిన కారులో అత్తమ్మ పాఠం

మా అత్తమ్మ పోయారు. పొద్దున కాఫీ తాగి, పేపరు ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ కుర్చీలో అలాగే ఒరిగిపోయారు. నేను వంటింట్లో ఆఫీసు డబ్బా కట్టుకుంటున్నాను. డాక్టరు వచ్చేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. చిక్కడపల్లిలో ఆవిడ దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్లు చాలామంది. కొందరికి ఈ కబురు ఇప్పటికీ చేరి ఉండదు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. సంగీతం గురించి రాయడానికి నేను తగను. నాకు స్వరానికీ సైకిలు బెల్లుకీ తేడా తెలియదని పెళ్లైన కొత్తలోనే ఆవిడ తేల్చేశారు. నాకు తెలిసింది ఆవిడా, మామయ్య కొన్న పాత కారూ, అందులోని క్యాసెట్ల స్టీరియో. వాటి గురించే చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఆవిడకు వినికిడి తగ్గింది. ముందు టీవీ సౌండు పెరిగింది. తర్వాత హాల్లో పిల్లలు పాడుతుంటే తాళం వేసే చెయ్యి ఒక్కోసారి ఆగిపోయేది. మేమంతా చూసీ చూడనట్టు ఊరుకున్నాం. ఒకరోజు పిల్లలు వెళ్లిపోయాక ఆవిడే నాతో అన్నారు.

"పిల్లల నోర్లు చూసుకుంట పాఠం చెప్తున్న. ఎవరు ఎట్ల పాడుతుండ్రో నాకు వినబడ్తలేదు. ఇది మోసం కాదా?"

"మోసమేంది అత్తమ్మా, వయసు."

"వయసు నాది. పైసలు పెట్టి నేర్చుకునేది వాళ్లు."

మర్నాటి నుంచి పాఠాలు ఆపేశారు. దోమలగూడలో చెవి డాక్టరుకు చూపిస్తే మిషన్ రాశాడు. మాటలకు అది బాగానే పనికొచ్చింది. పాటకు మాత్రం పనికిరాలేదు. తంబుర పెడితే మిక్సీ తిరుగుతున్నట్టు ఉందని తీసి డబ్బాలో పడేశారు. "పాఠం లేకుంటే నేనేం జెయ్యాలె బిడ్డా, పప్పులో రాళ్లేరుకుంట కూసోవాల్నా?" అని అడిగారు. మా ఇంట్లో పప్పు ప్యాకెట్లలో వస్తుంది, అందులో రాళ్లు కూడా ఉండవు.

ఆ మధ్యే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లి తిరిగి వస్తున్నాం. వాన. నారాయణగూడ సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయాం. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. ఊసుపోక ఆవిడ ఫోను తీసుకుని స్టీరియోకు తగిలించాను. మా స్టీరియోలో ఫోను పెట్టాలంటే ఒక పద్ధతి ఉండేది. క్యాసెట్ ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ బిళ్ల ఒకటి కోఠిలో దొరికింది. దానికి తోకలాగా ఒక వైరు. బిళ్లను స్టీరియో నోట్లో పెట్టి, తోకను ఫోనుకు గుచ్చితే ఫోనులో పాట స్పీకర్లలో వస్తుంది. భక్తి పాటలేవో పెడదామని వెతుకుతుంటే నా వేలు తగిలి, పాఠాలు ఆగకముందు ఎవరో శిష్యురాలు వాట్సాప్‌లో పంపిన పాఠం మోగింది.

అత్తమ్మ నిటారుగా కూర్చున్నారు. "ఆపు. మల్ల పెట్టు." మళ్లీ పెట్టాను. "ఇగో, ఇక్కడ. గాంధారం మీద నిలబడ్తలేదు, జారుతున్నది." వెనక ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. పచ్చ లైటు ఎప్పుడు పడిందో నేను చూడనే లేదు. ఆవిడ నవ్వుతున్నారు, కళ్లల్లో నీళ్లు. నాకూ ఆగలేదు.

ఎందుకు వినబడిందో డాక్టరును అడిగితే, మూసిన కారు, దగ్గరగా స్పీకర్లు, పెద్ద సౌండు అని ఏదో చెప్పాడు. మాకు ఆ కారణం అవసరం లేకపోయింది. అప్పటి నుంచి పాఠం కారులోకి మారింది. పిల్లలు ఇంట్లో పాడి రికార్డు చేసి పంపేవారు. నేను ఆఫీసుకు వెళ్లేముందు ఇద్దరం కిందికి దిగి, కారు అద్దాలు ఎత్తి కూర్చునేవాళ్లం. ఆవిడ తప్పు పట్టి, అదే ముక్కను తాను పాడి తిరిగి పంపేవారు. "నీ గొంతు నీకు వినబడుతుందా అత్తమ్మా?" అంటే, "బయట నుంచి కాదే, లోపల నుంచి వినబడ్తది" అనేవారు.

అపార్టుమెంటులో పుకారు పుట్టింది. అత్తాకోడళ్లకు ఇంట్లో పడక, కొడుకు వినకుండా కారులో కొట్లాడుకుంటున్నారని. కింది ఫ్లాటావిడ నన్ను పక్కకు పిలిచి, "జర ఓపిక పట్టమ్మా, ముసలామె ఎన్నాళ్లుంటది" అని సర్దిచెప్పింది కూడా. ఈ సంగతి చెబితే అత్తమ్మ, "పోనీ ఓసారి గట్టిగా కొట్లాడుదాం, పాపం ఎదురుచూస్తుండ్రు" అన్నారు.

ఇంజను ఆపి స్టీరియో వాడితే బ్యాటరీ దిగిపోతుంది. ఒకసారి దిగింది కూడా, వాచ్‌మన్ చేత తోయించాం. మెకానిక్ తిట్టాక, పాఠాలు ఎక్కువున్న రోజున కారు తిప్పడం మొదలుపెట్టాం. ఆదివారం పొద్దున చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్, అక్కడి నుంచి నారాయణగూడ, మళ్లీ ఇల్లు. అశోక్‌నగర్‌లో హాస్టళ్ల ముందు పుస్తకాలు పట్టుకున్న పిల్లలు టిఫిన్ బండ్ల దగ్గర నిలబడి ఉండేవారు. వాళ్లలో ఒక అమ్మాయి మా అత్తమ్మ శిష్యురాలే. గవర్నమెంటు ఉద్యోగం పరీక్షలకు ఊరి నుంచి వచ్చింది. హాస్టలు గదిలో పాడితే పక్క మంచాలవాళ్లు పరేషాన్ అవుతారని డాబా మీదికెక్కి, బట్టల తాళ్ల మధ్య నిలబడి పాడి పంపేది. నన్ను అక్కా అంటుంది. ఈ వయసులో ఆంటీ అననందుకు ఆ పిల్లంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

అత్తమ్మకు కొత్త ఫోను కొన్నాక కష్టం వచ్చిపడింది. అందులో వైరు గుచ్చే రంధ్రమే లేదు. మా ఆయన సలహా మీద ఎఫ్ఎం డబ్బీ ఒకటి తెచ్చాను. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెడితే ఫోను పాటను రేడియో లాగా స్టీరియోకు అందిస్తుంది. బ్రహ్మాండంగా పనిచేసింది. హాస్టలు అమ్మాయి పాడింది పెట్టి, అత్తమ్మ అడిగినప్పుడల్లా ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిప్పాను. కాసేపటికి గేటు పక్కన ఇస్త్రీ బండి అతను వచ్చి అద్దం మీద కొట్టాడు.

"అమ్మా, నా రేడియోల పాటలు పోయి ఎవరో పిల్ల సరిగమ అంటున్నది. ఒక్కటే లైను పట్టుకొని ఇడుస్తలేదు. జర ఏందో చూడుండ్రి."

మా డబ్బీ గోడ అవతలి రేడియోలో కూడా మోగుతోంది. ఇస్త్రీకి బట్టలు తెచ్చినవాళ్లంతా ఆ పాఠం విన్నారు. సంగతి తెలిసి ఆ అమ్మాయి ఫోనులో ఏడ్చినంత పనిచేసింది. అత్తమ్మ ఫోను లాక్కుని, "రేడియోల పాడాలని అంటుంటివి కదనే, పాడినవ్ పో. ఇంక పరీక్షకు చదువుకో" అన్నారు. అవతల ఏడుపు నవ్వైపోయింది. ఆ డబ్బీని పక్కన పెట్టేశాం. కొత్త ఫోనుకు పాత తోక అంటించే చిన్న ముక్క దొరుకుతుందని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత చివరి వరకు దానితోనే నడిచింది.

మా ఆయన ఊరుకోలేదు. తెర ఉన్న కొత్త స్టీరియో పెట్టిస్తానని తల్లిని నారాయణగూడలో షాపుకు తీసుకెళ్లారు. అక్కడ వేరే కారులో కూర్చోబెట్టి ఒక శిష్యురాలి పాఠం వినిపించారు. ఆవిడ చివరిదాకా విని దిగిపోయారు.

"దీంట్ల అందరూ మంచిగనే పాడుతున్నట్టు అనిపిస్తది. నాకు మంచిగ వినబడొద్దు. ఉన్నది వినాలె."

ఆవిడ మనుషులతో కూడా అంతే. మంచిగా వినిపించే మాటలు ఆవిడ దగ్గర దొరికేవి కావు. నా వంటను ఎన్నడూ పొగడలేదు. నేను ప్రమోషన్ రాలేదని ఏడుస్తుంటే, "పరీక్షకు చదివినవా?" అని అడిగారు. చదవలేదు. అప్పుడు కోపం వచ్చింది, నిజమే. కానీ నా గురించి ఎవరు ఏమన్నా, అత్తమ్మ ఏమంటారో కనుక్కుంటే చాలు, అసలు సంగతి తెలిసిపోయేది. అలాంటి మనిషి ఇంట్లో ఉండటం ఎంత నిశ్చింతో ఇప్పుడు తెలుస్తోంది.

పదకొండో రోజు కార్యం అయ్యాక హాస్టలు అమ్మాయి వచ్చింది. అరటిపళ్లు బల్ల మీద పెట్టి, అత్తమ్మ ఫోటోకు దండం పెట్టుకుంది.

"అక్కా, నేను లాస్టుకు పంపిన కల్యాణి రాగం మేడం విన్నరా?"

వినలేదు. అది ఆవిడ పోయిన రోజు పొద్దున వచ్చింది. అబద్ధం చెబుదామా అనుకున్నాను. ఆ ఇంట్లో నోరు రాలేదు. "లేదమ్మా" అన్నాను.

"ఇంక మానేస్తనక్కా. ఎట్ల పాడిన్నో చెప్పేటోళ్లు లేరు. వేరే టీచరు దగ్గరికి పోవాలనిపిస్తలేదు."

నేను చేయగలిగింది ఒక్కటే ఉంది. తాళంచెవులు తీసుకుని, "రా" అన్నాను. కిందికి వెళ్లాం. ఆ పిల్ల వెనక సీటులో కూర్చోబోతే, ముందుకు రమ్మన్నాను. చీర కొంగు సీటుకు తగలకుండా సర్దుకునే ఆవిడ అలవాటు గుర్తొచ్చింది. తర్వాత అద్దాలు ఎత్తి, అత్తమ్మ ఫోను తగిలించి, ఆ పాఠం పెట్టాను. ఇన్నాళ్లూ పాడి పంపడమే తప్ప, ఆ అమ్మాయి తన గొంతును ఈ కారులో ఎప్పుడూ వినలేదు.

మొదట సిగ్గుతో తల వంచుకుంది. పాట సగానికి వచ్చింది. నాకైతే బాగానే పాడినట్టు అనిపించింది. నాకు ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది.

"ఆపండక్కా."

ఆపాను.

"మధ్యమం కిందికి దిగింది. మల్ల పెట్టండి."

మళ్లీ పెట్టాను. అదే చోట తల అడ్డంగా ఊపింది. ఆపమని, ఆ ముక్కను మెల్లగా తానే పాడుకుంది. కుదరలేదు. మళ్లీ పాడింది. నేను ఏడుస్తున్న సంగతి ఆ పిల్ల గమనించనే లేదు. గమనించే తీరిక ఆమెకు లేదు.

"మొదటి నుంచి పెట్టండక్కా, ఇంకా తప్పులున్నయి" అంది.

పాఠాన్ని మొదటికి జరిపాను. ఆ పిల్ల కళ్లు మూసుకుని, తన గొంతును తానే పట్టుకోవడానికి స్పీకరు వైపు ముందుకు వంగింది.