మేకుల టైర్ల తైమీ

ఆవిరిస్నానం గది మూల, చూరు కింద వాననీళ్ల పీపా ఒకటి ఉంటుంది. అక్టోబరు వచ్చిందంటే తైమీ ప్రతి ఉదయం కాఫీ కప్పు పట్టుకుని అక్కడికి వెళ్లి, పీపాలోకి ఒక పైన్ కాయ జారవిడుస్తుంది. కాయ బుడుంగుమని మునిగితే ఇంకా టైముంది. పైన కట్టిన మంచు పొర మీద ఆగిపోయిందంటే ఆ రోజే కట్టెల కొట్టంలోంచి, మంచు మీద జారకుండా చిన్న మేకులు దిగేసిన చలికాలపు టైర్లు బయటికి రావలసిందే. ఈ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. బడి టాక్సీ నడపడం మొదలుపెట్టిన కొత్తలో తనే కనిపెట్టుకుంది. ఆ తర్వాత రేడియోలో వాతావరణం చెప్పేవాళ్లు ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు.

ఈ ఏడాది కాయ ఆగింది. తైమీ దాన్ని చూస్తూ నిలబడింది. చేతిలో కాఫీ చల్లారిపోయింది. కప్పు గడ్డిలో ఒంపేసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

వేసవిలో ఆమెకు తుంటి ఆపరేషన్ అయింది. చక్రం ఎత్తడం కాదు కదా, వంగి చెప్పు తొడుక్కోవాలన్నా తల ప్రాణం తోకకొస్తోంది. ఔలూ పట్నంలో ఉండే కూతురు సిర్పా అంతకుముందు ఆదివారమే ఫోన్ చేసి తేల్చి చెప్పేసింది.

"ఈసారి మేకుల టైర్లు వద్దమ్మా. వేసవి టైర్ల మీదే ఉండనీ. మంచు పడ్డాక కారు కొట్టంలో పెట్టేయ్. నీకు కావలసినవి నేను తెప్పిస్తా."

"మే నెల దాకానా?"

"మే నెల దాకానే. ఇంకెంతకాలం నడుపుతావు?"

తైమీ సరేనంది. వేసవి టైర్ల మీద మంచులో నడపడమంటే సబ్బు రాసిన పళ్లెం మీద నిలబడడమే. కాబట్టి అవి మార్చకపోతే ఈ చలికాలమంతా కిటికీ దగ్గర కుర్చీ, గోడ గడియారం, అంతే. వచ్చే చలికాలానికి ఎవరూ అడగను కూడా అడగరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కూతురికీ తెలుసు. ఊళ్లో ఎవరినైనా సాయం అడగవచ్చు కదా అనుకుంటారేమో. ఇటువైపు అలా అడగడం ఇంటా వంటా లేదు. చెయ్యి విరిగినా రెండో చేత్తో కట్టెలు కొట్టుకునే మనుషులు.

తైమీ ఇల్లున్న కొండ మీది పిల్లలందరూ ఒకప్పుడు ఆమె కారెక్కే బడికి వెళ్లారు. పొద్దున్నే చీకట్లో ఆవిడ మలుపు దగ్గరికి వచ్చేసరికి మేకులు తారు రోడ్డు మీద గరగరమనేవి. ఆ చప్పుడు వినగానే మలుపు చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఒక తల్లి "తైమీ అత్త వచ్చేస్తోంది, బూట్లు, బూట్లు!" అని కేకలు పెట్టేది. సెప్టెంబరులో వేసవి టైర్ల మీద పిల్లిలా వచ్చి నిలబడేది కాబట్టి, సగం మంది పిల్లలు రొట్టె నోట్లో పెట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లు.

మేలో టైర్లు మార్చిన రోజంటే తైమీకి మహా ఇష్టం. చలికాలమంతా మేకుల మోత మీద అరిచి మాట్లాడుకోవడం పిల్లలకు అలవాటైపోయేది. ఆ ఉదయం కారు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేది, వీళ్లేమో అదే గొంతుతో అరుస్తూనే ఉండేవాళ్లు. ఒకసారి పక్కింటి ఆర్మస్ కూతురు మెర్యా, "మా నాన్న మళ్లీ చేపల వల మా అమ్మ దుప్పట్ల పెట్టెలో పెట్టాడు!" అని కారు దద్దరిల్లేలా చెప్పి, తన గొంతు తనకే వినబడి బిత్తరపోయింది. ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు. తైమీ కళ్లు తుడుచుకోవడానికి కారు పక్కకు ఆపింది. బడి మూసేసి ఎంతో కాలమైంది. ఇప్పుడు వెనక సీటులో కూర్చునేది బంగాళాదుంపల బస్తా.

టైర్లు మార్చడంలో మాత్రం ఆమె ఊరందరి కంటే ముందుండేది. కారు నిండా పరాయి పిల్లలు, ఆలస్యం చేస్తే ఎలా? అందుకు ఊరు ఆమెను ఏడిపించని ఏడాది లేదు. అందులో ఆర్మస్ మరీను. పొడి రోడ్డు మీద ఆమె గరగరమంటూ వెళ్తుంటే గేటు దగ్గర నిలబడి గొంతు చించుకునేవాడు.

"తైమీ గరగర మొదలైందిరోయ్! ఇక చలికాలం వచ్చినట్టే!"

తైమీ మొహం మాడ్చుకుని కిటికీ అద్దం పైకెత్తేసేది. పిరికిదాన్నని ఊరంతా నవ్వుకుంటోందని ఆమె బాధ. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు.

కాయ మంచు మీద ఆగిన మర్నాడు, తెల్లవారేసరికి మంచు గడ్డకట్టి రోడ్డు అద్దమైపోయింది. తైమీ రై రొట్టె మీద వెన్న రాస్తుండగా మెట్ల మీద బూట్ల చప్పుడు. తలుపు తోసుకుని ఆర్మస్ వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, దుప్పుల వేటకు వేసుకునే నారింజ రంగు టోపీ చెవి మీదికి జారిపోయింది. కోపం ముక్కు మీదే ఉంది.

"ఏం తల్లీ! నువ్వు చేసిన పనికి నా బండి వంతెన పక్కన గుంటలో పడుంది! చూడ్డానికి వస్తావా?"

తైమీ చేతిలో కత్తి ఆగిపోయింది. "నేనేం చేశానయ్యా? దెబ్బలేమైనా తగిలాయా?"

"నాకేం తగల్లేదు, పరువు పోయింది. వెనకాలే కొట్టు వాళ్ల వ్యాను వచ్చి అదే గుంటలో దిగింది. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆ పై ఇంటివాడు దుప్పుల వేటకని బయల్దేరి తన కంచెనే పడగొట్టుకున్నాడు. ఊళ్లో ఒక్క బండికైనా మేకుల టైర్లున్నాయనుకున్నావా? లేవు!"

"ఎందుకు మార్చుకోలేదు మరి? చలి కనబళ్లేదా మీకు?"

"నువ్వు మార్చలేదు కదా!" ఆర్మస్ ఒంటికాలి మీద లేచాడు. "నీ గరగర వినబడితే కదా మేం కొట్టం తలుపు తీసేది! వారం నుంచి చెవులు రిక్కించుకుని కూర్చున్నా. మా ఆవిడ కూడా మార్చమని పోరింది. తైమీ ఇంకా మార్చలేదు, ఆవిడకంటే నీకెక్కువ తెలుసా అన్నాను. ఇప్పుడు ఇంటికెళ్లి ఏం మొహం చూపించను?"

తైమీ కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చుంది.

"అన్నేళ్లూ నన్ను వెక్కిరించావు కదా, ఆర్మస్."

"వెక్కిరించకపోతే కొండ పైనుండే వాళ్లకెలా తెలుస్తుంది? వాళ్లకు నీ చప్పుడు వినబడదు. నా గొంతు వినబడుద్ది." అని, అప్పుడే ఆమె చేతికర్ర వైపు చూశాడు. గొంతు తగ్గింది. "తుంటి వల్లేనా?"

"తుంటి. సిర్పా కూడా వద్దంది."

ఆర్మస్ కాసేపు టోపీ చేతిలో తిప్పాడు. తైమీ పోసిన కాఫీ నిలబడే తాగేశాడు. "జాకీ ఎక్కడుంది?"

"ముందు నీ బండి సంగతి చూసుకో."

"అది ఎక్కడికీ పోదు. గుంటలోనే ఉంటుంది. జాకీ ఎక్కడా?"

కొట్టంలో చక్రాలు ఎప్పటిలా వరసగా ఉన్నాయి. ఏది ఎటువైపుదో సుద్దముక్కతో రాసి ఉంది. ఆర్మస్ నట్లు బిగిస్తుంటే తైమీ కట్టెల మొద్దు మీద కూర్చుని, ఎదురుగా ఉన్నదాన్ని బిగించి కదా పక్కదానికి వెళ్లాలి, అంటూ అడుగడుగునా తప్పు పట్టింది. అతను పళ్లు కొరుక్కుంటూ ఆమె చెప్పినట్టే చేశాడు.

"సిర్పాకి ఏం చెప్పమంటావు?" అందామె.

"నీవల్ల ఊరు ఊరంతా గుంటలో పడిందని చెప్పు. ఆ పాపం మీ ఇంటి మీదుందని చెప్పు." చేతులు తుడుచుకున్నాడు. "ఆ పిల్లా ఈ కారులోనే కదా బడికెళ్లింది. అర్థమవుద్దిలే."

పొద్దెక్కాక ఎండ వచ్చి రోడ్డు మళ్లీ పొడిబారింది. తైమీకి ఎక్కడికీ పని లేదు. అయినా కారు తీసింది. మలుపు తిరగ్గానే మేకులు తారు మీద గరగరమన్నాయి, స్టీరింగ్ చేతిలో ఎప్పటిలా కాస్త బద్ధకంగా తిరిగింది. దిగువన వంతెన దాకా వెళ్లి తిరిగి వస్తుంటే, రోడ్డు పక్క ఒక్కో పెరట్లో కొట్టాల తలుపులు తెరుచుకుంటున్నాయి. ఎవరో చక్రం దొర్లించుకుంటూ వెళ్తున్నారు. ఇంకెవరో భార్యతో వాదిస్తూనే జాకీ వెతుకుతున్నారు.

ఆర్మస్ తన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బండి ఇంకా గుంటలోనే ఉంది కాబట్టి అతనికి వేరే పని లేదు. ఆమెను చూడగానే రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, కొండ పైదాకా వినబడేలా అరిచాడు.

"తైమీ గరగర మొదలైందిరోయ్!"

చలి వణికిస్తున్నా తైమీ కిటికీ అద్దం పూర్తిగా దించింది.