రోజ్‌హిల్ గడ్డిలో గిట్టల గుంటలు

రోజ్‌హిల్ రేసుకోర్సుకి దారి ఎవరైనా అడిగితే ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. వెస్ట్‌మీడ్‌లో రైలెక్కి క్లైడ్‌లో దిగాలి. అక్కడ కార్లింగ్‌ఫర్డ్ వైపు వెళ్ళే చిన్న బండి ఎక్కితే తర్వాతి స్టేషనే. శనివారమైతే దారి అడగక్కర్లేదు, పువ్వుల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళ వెనకాల నడిస్తే చాలు. గేటు దాటగానే పూలమొక్కలు, వాటి వెనక జనం కూర్చుని చూసే పెద్ద స్టాండు, రేసుకి ముందు గుర్రాల్ని నడిపించి చూపించే గుండ్రటి పచ్చిక. జనమంతా అక్కడే మూగుతారు.

నన్నడిగితే అక్కడ ఆగొద్దంటాను. నేరుగా కంచె దగ్గరికి వెళ్ళి ఒక రేసు అయిపోయేదాకా ఉండండి. గుర్రాలు వెళ్ళిపోయి, జనం బీరు కోసం లేచాక, చేతుల్లో మట్టి పెళ్ళగించే పొడుగు ఫోర్కులు, బకెట్లు పట్టుకుని పదిమంది గడ్డి మీద వరసగా నడిచొస్తారు. గిట్టలు పెకలించిన గడ్డిపెళ్ళల్ని మళ్ళీ అణిచిపెట్టి, గుంటల్లో ఇసక కలిపిన మట్టి పోసి, బూటుకాలితో తొక్కుతారు. వాళ్ళని ఎవరూ చూడరు. తొంభైల మొదట్లో ఆ వరసలో చివరి మనిషి మా ఆయన.

ఆయన పశువుల డాక్టరు. తెనాలి దగ్గర ఎనిమిదేళ్ళు పనిచేశారు. కడుపులో అడ్డం తిరిగిన దూడని భుజందాకా చెయ్యి పెట్టి సరిచేసి బయటికి తీసిన మనిషి. నాకు వెస్ట్‌మీడ్‌లో నర్సు ఉద్యోగం వచ్చిందని నా వెనకాల ఈ దేశం వచ్చారు. ఇక్కడ వైద్యం చెయ్యాలంటే ఇక్కడి పరీక్ష పాసవ్వాలి. మూడుసార్లు మాత్రమే రాయనిస్తామన్నారు. ఆవులూ కుక్కలూ మొదటిసారే గట్టెక్కాయి. గుర్రం దగ్గరే బండి ఆగిపోయింది. పరీక్షలో ఒక గుర్రాన్ని ఎదురుగా నడిపిస్తారు, ఏ కాలు కుంటుతోందో చూసి చెప్పాలి. మా వైపు గుర్రమంటే జట్కాకి కట్టేది, లేకపోతే పెళ్ళికొడుకుని ఊరేగించేది. అవి కుంటితే డాక్టరు దాకా తెచ్చేదెవరు? రెండుసార్లు తప్పారు.

అప్పుడు నేను తెలివి చూపించాను. మా వార్డులో తుడిచే పెద్దావిడ అన్నగారు రేసుకోర్సులో గడ్డి పనివాళ్ళకి మేస్త్రీ. మనిషి కావాలంటున్నాడని ఆవిడ చెప్పగానే ఎగిరి గంతేశాను.

"అక్కడ నాకేం పనే?" అన్నారు ఆయన.

"రోజూ గుర్రాల మధ్య ఉంటారు కదండీ! బుక్స్‌లో చూస్తే వచ్చుద్దా ఎక్కడైనా?"

ఒప్పుకున్నారు. నా మాట మీద ఆయనకి అంత నమ్మకం. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

తీరా చేరాక తెలిసింది, గడ్డి పనివాళ్ళని గుర్రాల దరిదాపులకి రానివ్వరని. లాయాలవైపు లాయాల మనుషులే వెళ్ళాలి. రేసు జరిగేటప్పుడు వీళ్ళు కంచె అవతల నిలబడాలి. కాళ్ళ కింద నేల అదురుతుంది, ఏదో గాలి కొట్టినట్టవుతుంది, తలెత్తి చూసేసరికి తోకలు కనిపిస్తాయి. అంతే గుర్రాలు. ఆ తర్వాత గుంటలే.

నేనైతే నెలకే మానేసేదాన్ని. ఆయన మానలేదు, గుంటల్ని చదవడం మొదలుపెట్టారు. నాకు సెలవు దొరికిన ఒక శనివారం తీసుకెళ్ళి, రేసులు మొదలవకముందే అంతా తిప్పి చూపించారు. మగపెళ్ళివారికి విడిది చూపిస్తున్న పెద్దమనిషిలా ఎంత హుషారుగా ఉన్నారో!

"ఇక్కడ రైట్ హ్యాండ్ సైడ్ పరిగెడతాయి, క్లాక్‌లాగా. అందుకని మలుపులో కుడికాలు ముందు పడుద్ది," అంటూ మోకాళ్ళ మీద కూర్చుని ఒక పాత గుంటలో వేలు పెట్టారు. "ఇది చూడు, ఎంత లోతుందో. దీని జత చూడు. పైపైన ఆనించిందంతే. ఆ కాలు మీద బరువు పెట్టలేదే అది. నొప్పి."

"మీకెలా తెలుసు?"

"నేల అబద్ధం చెప్పదు కదా."

రేసయ్యాక గుర్రాలు ఆగి వెనక్కి నడిచొచ్చే చోట ఆయన చూపు ఎక్కువగా ఉండేది. ఒకసారి అన్నిటికంటే చివర ఒంటరిగా వచ్చిన గుర్రం అడుగుల్ని చూసి, ఎడమ ముందుకాలు దెబ్బతిందని ఇంటికొచ్చి చెప్పారు. మర్నాడు పేపర్లో చిన్న అక్షరాల్లో అదే ఉంది, ఎడమ ముందుకాలు అన్నదానితో సహా. అలాంటివి ఇంకో నాలుగైదు నిజమయ్యాయి. ఆ కొన్ని నెలలు మా ఫ్లాటులో మళ్ళీ నవ్వులు వినిపించాయి. ఆయన అన్నం తింటూ పరీక్ష గురించి మాట్లాడేవారు. క్వేకర్స్ హిల్‌లో చిన్న ఆసుపత్రి పెడితే ముందు గదిలో కుర్చీలు ఎటు వెయ్యాలో కూడా అనుకున్నాం. ఆశ పెట్టుకోవడంలో మాకు పిసినారితనం లేదు.

మూడోసారి పరీక్ష వేరే ఊళ్ళో జరిగింది. తిరిగొచ్చిన రోజు నేను తలుపు తీసేసరికి ఆయన బూట్లు విప్పకుండానే లోపలికొచ్చి సోఫాలో కూర్చున్నారు. నేను అడిగేలోపే ఆయనే చెప్పారు.

"నడిపించారు. తారు మీద."

"అయితే ఏంటండీ?"

"కిందకే చూస్తా ఉన్నా. అలవాటైపోయింది. తారు మీద ఏం పడుద్ది? తలెత్తేసరికి వెనక్కి తిప్పి నిలబెట్టేశారు. విచ్ లెగ్, డాక్టర్, అన్నాడు."

"వన్స్ మోర్ అని అడగాల్సింది కదా!"

"అడిగా. వన్స్ ఓన్లీ అన్నాడు. ఏదో కాలు చెప్పా." బూటు తాడు పట్టుకుని అలాగే కూర్చున్నారు. "మొదటి రెండుసార్లూ గుర్రాన్నే చూశా, తెలీలా. ఈసారి అసలు గుర్రాన్నే చూళ్ళా."

నాకు ఏడుపు కూడా రాలేదు. తల వంచి నేలని చూడటం ఆయనకి నేర్పింది ఆ పని. ఆ పని వెతికి తెచ్చింది నేను. ఇందులో ఎవర్ని తిట్టాలి? నన్ను తిడతారేమోనని రాత్రంతా చూశాను. ఆ రోజే కాదు, తర్వాత ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఆయన నోట రాలేదు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

కొన్ని వారాలకి ఉత్తరం వచ్చింది. ఇక అవకాశం లేదని మర్యాదగా రాశారు. యూనివర్సిటీలో మొదటి ఏడాది నుంచి మళ్ళీ చదువుకోవచ్చని మావాళ్ళొకరు సలహా ఇచ్చారు. నలభై దాటిన మనిషి, పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద. శనివారం ఆయన మళ్ళీ టోపీ పెట్టుకుని బయల్దేరారు.

"మానెయ్యండి," అన్నాను తలుపు దగ్గర.

"మానేసి?"

రైలు తప్పిపోతుందని ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు.

తర్వాతి నెల ప్రార్థన కూటం బ్లాక్‌టౌన్‌లో ఒక ఆంటీ ఇంట్లో జరిగింది. మచిలీపట్నం ఆవిడ, మంచి మనిషి. ఉత్తరం సంగతి ఆవిడకి తెలియదు. ప్రార్థనయ్యాక భోజనాలు వడ్డిస్తూ, మూలన ప్లేటు పట్టుకుని కూర్చున్న ఆయన్ని పలకరించింది.

"డాక్టరుగారూ, తిన్నాక కొంచెం మా కుక్కని చూద్దురూ. టూ డేస్ నుంచి లింపింగ్. ఏ కాలో మాకేమో తెలియట్లేదు."

"నేను డాక్టర్ని కాదండీ ఆంటీ," అన్నారు ఆయన నెమ్మదిగా. "రేసుకోర్సులో గడ్డి పని. వెట్‌కి చూపించండి."

ఆంటీ వేళాకోళమనుకుని నవ్వింది, ఇంకా ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వి పక్క గది తలుపు తీసింది. కుక్క కార్పెట్ మీద కుంటుకుంటూ, అంతమందిని దాటుకుని, సరిగ్గా ఆయన కాళ్ళ దగ్గరికే వచ్చి నిలబడింది. ఏ కాలో, ఉత్త నర్సుని, నాకే తెలిసిపోయింది. వెనక ఎడమది. ఆయన తల ఎత్తలేదు. ప్లేటులో అన్నం కలుపుకుంటూనే ఉన్నారు.