దొర పటం వెనక

బర్మాలోని యాంగాన్‌లో మా ఇంట్లో పూర్వీకుల ఫోటోలు లేవు. రేవు కూలీల ఫోటోలు ఎవడు తీస్తాడు? అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో దొరలు వదిలి పారిపోయిన బంగళా నుంచి ముత్తాత ఒక పటం తెచ్చి గోడకు తగిలించాడట. అందులో ఒక ఐర్లండ్ ప్రభువు, ఆయన భార్య, ఆయన ఒళ్లో చిన్న కొడుకు ఉండేవారు. ఆ ప్రభువు లండన్ పార్లమెంటులో తన దేశపు రైతుల కోసం వాదించాడనీ, ఆ కొడుకు తండ్రి కళ్ల ముందే పోయాడనీ నాన్న ఎక్కడో చదివి చెప్పేవాడు. ప్రతి అమావాస్యకూ అమ్మ ఆ దొరకే బొట్టు పెట్టేది. నాకు ఒళ్లు మండేది.

సైన్యం తిరుగుబాటు చేసి గద్దెనెక్కిన ఏడాది, మా ఊళ్లోని సంచౌంగ్ పేటలో నిరసన ఊరేగింపుకు వెళ్లిన అన్నయ్యను సైనికులు కాల్చేశారు. అలా పోయినవాళ్ల ఫోటో ఇంట్లో కనిపించినా ఇంటివాళ్లను పట్టుకుపోయే రోజులవి. చుట్టాలు మా గుమ్మం తొక్కడం మానేశారు. అమ్మ అన్నయ్య ఫోటోను దొర పటం వెనక దాచింది.

సోదాకు వచ్చిన సైనికుడు పటం చూసి ఎవరని అడిగాడు. తన మామగారని అమ్మ బర్మా భాషలో చెప్పింది. వాడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ అమావాస్యకు అమ్మ మళ్లీ కుంకుమ భరిణె తీసింది.

"ఏటమ్మా, ఇంకా ఆ దొరకేనా?" అని అరిచాను.

అమ్మ పటం దగ్గరకు వెళ్లింది. బొట్టు దొరకు పెట్టలేదు. ఆయన ఒళ్లో ఉన్న పిల్లాడికి పెట్టింది.