కొర్ర కొత్తకు ముందే వచ్చిన ఆర్డరు

నా చదువు ఐదో తరగతితో ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. కూరగాయల లారీల దగ్గర గుమాస్తాగా ఉన్న రోజుల్లో వడ్డీలు, శాతాలు, సరాసరులు నాకు నేనే నేర్చుకున్నాను. అందువల్ల మా దుకాణం మూతపడబోతోందని అందరికన్నా ముందు నాకే తెలిసింది. తెలిసి చేసేదేమీ లేకపోయింది, అది వేరే సంగతి.

అరకులో స్టేషను రోడ్డు మీద మాది చిన్న రేకుల దుకాణం. పసుపు, తేనె, కాఫీ పొడి, కొర్రలు అమ్మేవాళ్లం. సరుకులో చాలా భాగం మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చేది. పెదబయలు దారిలో బస్సు దిగి, ఇంకా కొండెక్కితే వచ్చే ఊరు అది. నాది ఘాటీ కింద ఊరు. పెళ్లయ్యాక పైనే ఉండిపోయాను. రెండువేల సంవత్సరం దాటాక టూరిస్టులు పెరిగారు. వాళ్లతోపాటు అద్దాల షోరూములూ పెరిగాయి. బస్సులు వాటి ముందే ఆగేవి. మా ముందు ఎప్పుడైనా ఆగితే అది డ్రైవరుకి టీ తాగాలనిపించి. పక్కన టీ బడ్డీ ఉండేది.

"ఈ ఏడు కూడా ఇలాగే ఉంటే దుకాణం వొదిలేసి, మళ్లీ సంతలో బరకం పరుసుకుని కూకుందాం" అంది మా ఆవిడ. అంతకుముందు పదేళ్లు వానకి తడుస్తూ, ఎండకి మాడుతూ బరకం మీద కూర్చుని సంపాదించుకున్న దుకాణం అది. ఆ మాట ఆవిడ తేలిగ్గా అనలేదు.

అప్పుడు దిగాడు మా బావమరిది, విశాఖపట్నం నుంచి, కిరండోల్ బండిలో. ఫ్లెక్సీ బోర్డులు వేసుకునేవాడు, కొత్తగా వెబ్‌సైట్లు చెయ్యడం నేర్చుకున్నాడు.

"బావా, నీకు సరుకుంది, బ్రాండు లేదు" అన్నాడు.

"సరుకే కదలనప్పుడు బ్రాండేం చేసుకుంటాను?"

"అదే బావా నీతో వచ్చిన చిక్కు. అన్నీ ఉన్నవాటితోనే లెక్కేస్తావు."

తను, అక్క పుట్టి పెరిగిన ఊరి పేరే బ్రాండు పేరుగా పెట్టాడు. అక్కగారి నైలాన్ చీర మార్పించి, చేతి గడియారం తీయించి, చేట చేతికిచ్చి ఫొటోకి నిలబెట్టాడు.

"నానెప్పుడురా ఇలా ముస్తాబై సెరిగినాను?" అని ఆవిడ పకపకా నవ్వింది.

"నవ్వకక్కా. సంప్రదాయంగా ఉండాల."

నెట్ సెంటర్లో నాకా వెబ్‌సైటు చూపించాడు. ఒక్క పేజీలో 'తరతరాల గిరిజన సంప్రదాయం' అన్న మాట ఐదుచోట్ల ఉంది. రెండు తీసెయ్యరా అంటే, ఇంకొకటి కలపడానికి చోటు వెతుకుతున్నానన్నాడు. నా వంతు సాయంగా నేనూ ఒక వాక్యం ఇచ్చాను: 'కోత కోసిన పది రోజుల్లో కొత్త కొర్రలు మీ ఇంట్లో.' ఎండబెట్టడం, దంచడం, మూటకట్టడం, బస్సు, రైలు, అన్నీ లెక్కగట్టి, మబ్బు పడితే ఉంటుందని ఒక రోజు ఎక్కువే వేశాను. ఆ పేజీ మొత్తంలో నిజమైన మాట అదొక్కటేనని నా నమ్మకం.

ఆ మాట చూసే ఆర్డరు వచ్చింది. హైదరాబాదులో షుగరు జబ్బు ఉన్నవాళ్లకి ధాన్యాలు అమ్మే ఒక దుకాణదారు, మా ఆవిడ ఊళ్లో పండేదంతా తనకే కావాలని రాశాడు. పది రోజులు దాటితే వద్దన్నాడు. ఆ సరుకు వెళ్తే దుకాణం నిలబడుతుంది. అప్పటికి కొర్ర కోతలు అయిపోతున్నాయి. ముగ్గురం కొండెక్కాం.

ముంగిళ్లలో కొర్రలు ఆరబోసి ఉన్నాయి. పూజలకి మంచి రోజు చూసి చెప్పే పెద్దని అక్కడ దిసారి అంటారు. ఆ ఊరి దిసారి మా ఆవిడ మేనమామే. ఆయన మాకు అంబలి ఇప్పించి, సావకాశంగా చెప్పాడు: కొర్ర కొత్త పండగ ఇంకా కాలేదు. దేవతకి పెట్టందే కొత్త గింజ ఎవరూ నోట పెట్టరు, ఊరు దాటించరు. ఈలోగా ఊళ్లో ఒక ముసలమ్మ పోయింది. మైల తీరాలి, తర్వాత మంచి రోజు చూడాలి. నెల పట్టొచ్చు.

నేను మా ఆవిడ వైపు చూశాను.

"నన్నేటి సూత్తావు? కోతకి ముందే కొత్త పండగ రోజు పెట్టేత్తారు యెప్పుడూ. ముసల్ది పోద్దని నాకు తెలుసేటి?" అంది.

బావమరిది ముందుకి జరిగాడు. "మామా, పండగ ఓ వారం ముందుకి జరపలేమా?"

"ఆ ముసల్దాన్ని అడుగు. ఓ వారం ముందు పోయుంటే జరిగేదే."

"తినడానికి కాదు కదా మామా, అమ్మడానికి."

"కొన్నోడు తింటాడా, తినడా?"

"తింటాడు."

"మరి దేవత కన్నా ముందు హైదరాబాదోడు తింటాడేటి?"

ముసలాయన బావమరిదిని ఎగాదిగా చూసి అడిగాడు: "కంప్యూటర్లో ఏటి రాసినావురా గుంటడా, మన గురించి?"

"తరతరాల సంప్రదాయం అని."

"మరి అదే సేత్తన్నాం కదా."

అరుగు మీద ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్లలో మా ఆవిడా ఉంది.

దిగి వస్తుంటే బావమరిది గొంతు తగ్గించాడు. కింద మైదానంలో కొర్రలు దొరుకుతాయట, గింజ మీద ఊరి పేరుండదట. ఆ లెక్క నేను అప్పటికే వేసేశాను. రవాణా కలిసొచ్చి లాభం ఎక్కువే తేలింది. పైకి మాత్రం అనలేదు.

మా ఆవిడ ఆగి, వెనక్కి తిరిగింది. "పేకెట్టు మీద మన ఊరి పేరేసినావు కదరా. ఎవడి గింజలకో ఆ పేరెట్టి అమ్మినాక, నాను ఏ మొకంతో ఊరెళ్లాల?" వాడు తలొంచుకున్నాడు. ఆ ఊరు తనదీ అని వాడికి అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

మర్నాడు నెట్ సెంటర్లో కూర్చుని, ఒక్క వేలితో, ఉన్నదున్నట్టు దుకాణదారుకి రాశాను. జవాబు వెంటనే వచ్చింది. చాలా సంతోషించానని, ఇంత మంచి విషయం వెబ్‌సైటులో ఎందుకు పెట్టలేదని అడిగాడు. పండగ ఎలా చేస్తారో వివరంగా రాయమన్నాడు. మనిషి ఆగేలా ఉన్నాడని నాకు ఆశ పుట్టింది. మా ఆవిణ్ణి అడిగి అడిగి, రెండు గంటల నెట్ డబ్బులు కట్టి, మొత్తం రాసి పంపాను. ఆ తర్వాత ఆయన నుంచి ఏ కబురూ లేదు.

కొర్ర కొత్త బాగా జరిగింది. అద్దె కట్టలేక దుకాణం తాళాలు ఇచ్చేశాం. కొత్త కొర్రలు రెండు బస్తాలు దింపుకుని మా ఆవిడ సంతలో కూర్చుంది. నేను కాటా పట్టాను.

ఒక వారం సంతకి హైదరాబాదు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇంటావిడ మా కొర్రలు చేతిలోకి తీసుకుని చూసి, సంచీలోంచి ఒక పేకెట్టు తీసి పక్కన పెట్టింది. దాని మీద రంగుల అక్షరాలు: 'కొండదేవతకు నైవేద్యం పెట్టాకే మీకు.' కింద పండగ వివరం, దాదాపు నేను రాసినట్టే. పేకెట్టు తిప్పి తేదీ చూశాను. మా ఊరి కొత్తకి పన్నెండు రోజుల ముందు కట్టిన సరుకు.

"ఇవి పండగ చేసినవేనా?" అని అడిగింది ఆవిడ.

"సేసినాం అమ్మా. మా మేనమామే సేసినాడు" అంది మా ఆవిడ.

"ఏమో, మీ వాటి మీద ఏమీ రాసి లేదుగా" అని, అందుకని కిలోకి ఐదు రూపాయలు తగ్గించమంది.

మా ఆవిడ రెండు తగ్గించింది.