మా పక్కింటాయన పొడిచిన పక్షి

నా కుడిచేతి మీద దొంగ గుర్తు పొడిచిన మనిషి మొన్న మంగళవారం పోయాడు. మా పక్కింటాయన, హవాయివాడు. హొనొలులు రేవు దగ్గర పచ్చబొట్లు పొడిచేవాడు. ఆరేళ్ళుగా ఈ మంట నా కడుపులో ఉంది.

నేను ఓడల మీద వంటవాణ్ణి, పెద్దగా చదువుకోలేదు. పంతొమ్మిది వందల డెబ్భైల చివర ఓడ దిగి ఇక్కడ ఇల్లు తీసుకున్నాను. రెండో ఏడు ఆయన ముందు చెయ్యి చాపి గరుత్మంతుణ్ణి పొడవమన్నాను.

"నువ్వు అడిగింది పొడవను. నీకు తగింది పొడుస్తాను" అన్నాడు. అందరితోనూ అదే మాట. ముందు మన చెయ్యి పట్టుకుని కాసేపు ఊరికే కూర్చునేవాడు.

తీరా చూస్తే పొడుగు రెక్కలు, చీలిన తోక. "ఇది ఇవా పక్షి. నీళ్ళ మీద వాలదు. సాయంత్రం ఎటు పోతే అటు నేల ఉంటుంది. మా తాతలు దీన్ని చూసే పడవలు నడిపారు" అన్నాడు. ఓడవాణ్ణి కదా, సంతోషించాను.

ఆరేళ్ళ కిందట మన తెలుగు డాక్టరమ్మ బీపీ చూస్తూ, "బాబాయ్, ఈ బర్డ్ ఇవా కదా? ఇక్కడి భాషలో దొంగని కూడా ఇవా అనే అంటారట. మా నర్సు చెప్పింది" అంది.

"నర్సుకేం తెలుసు?" అన్నాను. కానీ ఆ పక్షి వేరే పక్షుల నోట్లో చేపని లాక్కోవడం ఓడ మీంచి నేనే చూశాను.

అప్పుడు మామిడిచెట్టు గుర్తొచ్చింది. చెట్టు ఆయనది, కొమ్మ మా వైపు. "మీ వైపుది నీదే" అని ఆయనే అన్నాడు. పచ్చబొట్టుకి ముందటి వేసవిలో ఆవకాయకని ఆ కొమ్మ కాయలన్నీ పచ్చివే దించేశాను. పండు కోసం చూస్తున్న మనిషి ఏమనుకున్నాడో.

అడిగేశాను. "నన్ను దొంగనుకునే పొడిచావా?"

నవ్వాడు. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాడు. నేనిక అడగలేదు.

మంచివాడు కాదని అనను. నాకు జ్వరమొస్తే తగ్గేదాకా జావ తెచ్చిపెట్టాడు. నేనిచ్చిన ఆవకాయ పచ్చిచేప ముక్కల్లో కలుపుకు తినేవాడు. చూడలేక మొహం తిప్పుకునేవాణ్ణి. "నీ ఊరగాయ చచ్చిన చేపని లేపుతుంది" అనేవాడు.

కానీ చచ్చాక వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే అంటారు మనవాళ్ళు. యముడి ముందు ఏ గుర్తుతో నిలబడను?

ఉగాది తర్వాతి ఆదివారం ఆయన బూడిదని పడవలో తీసుకెళ్ళి సముద్రంలో కలుపుతారు. ఆయన భార్యని అడిగితే, "ఎవరికేది ఎందుకు పొడిచాడో నాకూ చెప్పలేదు. నువ్వు మాత్రం రావాలి" అంది. ఈ సంఘం పత్రిక చదివేవాళ్ళలో ఇక్కడివాళ్ళతో వియ్యమందినవాళ్ళున్నారు. మీ వియ్యాలవారి పెద్దల్ని అడగండి: దొంగ కానివాడి చేతి మీద ఇవాని పొడుస్తారా, పొడవరా? ఉగాదిలోగా నాకు జవాబు కావాలి. పడవలో నా చోట అప్పుడే ఒక తెడ్డు పెట్టి ఉంచారు.