ఊక అని చెప్పిన కుర్మయ్య

2011లో సాతంరాయి దగ్గరి ఒక ఫ్యాక్టరీకి వాయు కాలుష్య అనుమతిని పొడిగించేందుకు కాలుష్య నియంత్రణ మండలి అధికారి తనిఖీకి వచ్చాడు. దరఖాస్తులో ఇంధనం గడి నింపుతూ, బాయిలర్ మండించే కుర్మయ్యను "ఇందులో ఏం కాలుస్తారయ్యా?" అని అడిగాడు.

రోజూ కాల్చేది పాత టైర్లు. ఆ ఒక్కరోజే ఊక పోశారు. యజమాని పక్కనే నిలబడ్డాడు.

"ఊకనే సారూ," అన్నాడు కుర్మయ్య, పని పోతుందన్న భయంతో. సాక్షిగా సంతకమూ పెట్టాడు. ఐదేళ్ల అనుమతి వచ్చింది.

మూడేళ్లకు, ఫ్యాక్టరీ పక్కనే అతనితో కాపురముంటున్న భార్య లింగమ్మ దగ్గి దగ్గి నల్లని కఫం ఉమ్మింది. "ఏందయ్యా, నువ్వు జెప్పిన ఊక పొగకు గింత నలుపొస్తదా?"

టైర్లు కాలుస్తున్నారని కుర్మయ్య మండలి కార్యాలయానికి ఫిర్యాదు పట్టుకుని వెళ్లాడు. దాన్ని కొట్టివేయడానికి ఆ కార్యాలయానికి అతని పాత సంతకమే సరిపోయింది.