నాన్న నోట్లో పరాయి గొంతు

మా చిన్నప్పుడు ఉట్టి మీది పెరుగు ముంత కిందికి దిగలేదంటే... నాన్నకు నాటకం ఉందని అర్థం. అప్పుడు ఇంట్లో ఎవరికీ పెరుగు లేదు. మేం తింటే ఆయనకూ తినబుద్ధవుతుందని, గొంతు పాడవుతుందని అమ్మ భయం. నాన్న మిరియాలు, పటికబెల్లం బుగ్గన పెట్టుకుని అన్నీ సైగలతోనే నడిపించేవాడు.

మాది వేమూరు పక్కన పల్లె. నాన్నది కౌలు సేద్యం. తెనాలిలోనో, బాపట్లలోనో నాటక పోటీలంటే మాత్రం పొలం అమ్మకు వదిలేసి పోయేవాడు. మైకు పాడైనా సరే, చివర్న బఠాణీలు అమ్ముకునేవాడికి కూడా మాట వినపడాలనేవాడు.

ఆయనతో కలిసి వేషాలు వేసినవాడే మా కోటి మావయ్య. తెర మీద పేరు వేరు... అది రాయను. సినిమాల్లోకి పోయి గొప్ప నటుడయ్యాడు. మొదట్లో ఒక నిర్మాత, నీ మాటలో యాస ఉంది, వేరేవాళ్ళతో డబ్బింగ్ చెప్పిస్తానన్నాడట. నా గొంతు అక్కర్లేకపోతే నా మొహమూ వద్దు అని మావయ్య లేచి వచ్చేశాడట. ఈ కథ నాన్న చెప్పని ఇల్లు మా ఊళ్ళో లేదు. చెప్పినప్పుడల్లా తనే లేచి వచ్చినంత గర్వం.

తర్వాత మావయ్యే నిర్మాత అయ్యాడు. డైరెక్టరూ అయ్యాడు. మొదటి సినిమా రేపల్లె దగ్గర తీస్తూ నాన్నకు పడవవాడి వేషమిచ్చాడు. ఒక్కటే సీను. పడవ అమ్ముకున్న మనిషి, దాన్ని ఎలా చూసుకోవాలో కొన్న హీరోకి చెప్పే సీను. నాన్న చెబుతుంటే లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

షూటింగ్ అయిపోయింది కానీ మా పెరుగు ముంత దిగలేదు. డబ్బింగుకి హైదరాబాదు పిలుస్తారు, గొంతు సిద్ధంగా ఉండాలన్నాడు నాన్న. ఆ పిలుపు రాలేదు... సినిమా వచ్చింది. షూటింగులో చెప్పిందే బాగుందేమో, అదే ఉంచారేమో అనుకున్నాడు పిచ్చి మనిషి.

తెనాలి హాల్లో ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. నాన్న తెర మీదికొచ్చాడు. పెదాలు ఆయనవే... మాట మాత్రం ఎవరిదో. నున్నటి, పట్నం గొంతు.

నాయనమ్మ అమ్మ భుజం తట్టి గట్టిగానే అడిగింది. "వీడెవడే అమ్మాయ్, మావాడి నోట్లో దూరి మాట్లాడుతున్నాడూ?"

హాలంతా నవ్వింది. నాన్న తెర మీంచి చూపు తిప్పలేదు. వచ్చేటప్పుడు అన్న మాట ప్రకారం మాకు టిఫిన్ పెట్టించాడు. తను తినలేదు.

కొన్నాళ్ళకు మావయ్య ఇంటికొచ్చాడు. కాఫీ తాగుతూ, తలొంచుకునే చెప్పాడు.

"బావా, నీ గొంతు ఉంచితే పక్కన హీరో తేలిపోయాడు. ఎడిటింగులో అందరూ అదే మాటన్నారు. డబ్బు పెట్టింది నేనే కదా... భయపడ్డాను."

"ముందే చెప్పాల్సింది బావా. నోరు మూసుకుని నిలబడేవాణ్ణిగా," అన్నాడు నాన్న.

అంతే. నాన్న మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఆ తర్వాత మా ఇంట్లో పెరుగు ఏ రోజూ ఆగలేదు.

మావయ్య ఆ సినిమాకు అవార్డులు తెచ్చుకున్నాడు. డైరెక్టరు కుర్చీ మీద మోజుతో వేషాలు మానేశాడు. తర్వాత తీసినవన్నీ పోయాయి. తిరిగి వేషాలకొస్తే, హీరో వెనకాల చేతులు కట్టుకుని నిలబడే బాబాయి పాత్రలు. అంత నటుడు అలా వృథా అయిపోయాడు. జాలి పడాలనుకుంటాను... పడలేను. ఏ మాట మీద నటుడిగా నిలబడ్డాడో, నిర్మాత కాగానే ఆ మాటే మింగేశాడు. తప్పని తెలియక చేసిన మనిషి కాదు కదా!

నాన్న పోయి చాలా కాలమైంది. మొన్న మావయ్య కూడా పోయాడు. టీవీలో ఆ సినిమా వేశారు. దుగ్గిరాలలో పసుపు బస్తాలు దించి ఇంటికొచ్చి, ఒళ్ళు కూడా కడుక్కోకుండా కూర్చుని చూశాను. నాన్న కదులుతూ కనిపించేది ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క సీనులోనే. అందుకే ఫోన్లో పెట్టుకుని ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను. చూసీ చూసీ ఏమైందంటే... ఇప్పుడు కళ్ళు మూసుకుని నాన్నను తలుచుకున్నా ఆ పట్నం వాడే మాట్లాడుతున్నాడు.

ఇప్పుడు ప్రతివాడి ఫోన్లోనూ ఇంట్లోవాళ్ళ మాటలు బోలెడు. అప్పుడు మాకా సౌకర్యం లేదు. మీ ఇళ్ళలో ఎవరైనా తెనాలి, బాపట్ల, రేపల్లె నాటకాలు టేపు చేసి ఉంటే, ఆ క్యాసెట్ నలిగిపోయినా సరే, పారేయకండి. నాకొక మాట చెప్పండి, నేనే వస్తాను. అందులో మా నాన్న ఉంటే... ఇదిగో ఈ గొంతేనని నాకు ఎవరైనా చెప్పాలి.